పంపు కింద తడి

వేలు తడిసింది. ఒక్క వేలే, అదీ కొస మాత్రమే, కానీ ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోలు, నూనె కాదు, కప్పులోంచి కారిన నీళ్ళు కాదు, అచ్చంగా పెట్రోలు, ఇంజను ఆపు హిల్లెవీ, ముందు ఇంజను ఆపు అని నన్ను నేనే కసిరి తాళం వెనక్కి తిప్పాను. కొట్టమంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. గోడ గడియారంలో రెండూ పది. ఈ కారు యజమాని సిక్స్‌టెన్ మూడింటికి వస్తానన్నాడు, బ్యాటరీ విప్పి ఇంటికి పట్టుకెళ్ళడానికి. ఇంజను పావుగంట నడవాలి, అప్పుడే చలికాలమంతా చెడకుండా మందు కలిపిన పెట్రోలు గొట్టం దాటి, పంపు దాటి, ఫిల్టరు దాటి కార్బురేటర్ దాకా చేరుతుంది, లేకపోతే అక్కడ నిలిచిన పాత పెట్రోలు వసంతం వచ్చేసరికి జిగురై కూర్చుంటుంది. ట్యాంకు అంచుదాకా నిండాలి, గాలి మిగిలితే చెమ్మ, చెమ్మ పడితే తుప్పు. ఇవన్నీ అన్నయ్య మాటలే, చచ్చిపోయి నాలుగేళ్ళయినా ఈ కొట్టంలో తనే మాట్లాడుతుంటాడు. ఎనిమిదో నిమిషంలో ఎందుకు వంగానో తెలియదు. చేతిలో టార్చి ఉంది, వంగాను, అంతే. పంపు కింద తడి. దానికి జానెడు దూరంలో, చెయ్యి ఆనిస్తే తోలూడిపోయేంత వేడిగా ఇనుము.

తప్పు ఇంకెవరిదో అనుకోవడానికి నాకు ఒక్క నిమిషం దొరికింది, ఆ నిమిషం ఎంత హాయిగా గడిచిందో చెప్పుకుంటే సిగ్గు. సిక్స్‌టెనే ఏదో కెలికి ఉంటాడు, వాడికి కారు తోమడమే తప్ప చూసుకోవడం తెలియదు, లేత ఆకుపచ్చ రంగు, వెనక కుర్చీలంత ఎత్తున లేచిన రేకు తోకలు, అరవై రెండు నాటి అమెరికా కారు, వేసవంతా ఊళ్ళోంచి సరస్సు దాకా, సరస్సు నుంచి ఊళ్ళోకి తిప్పడం, అద్దాలు దించి మోచెయ్యి బయట పెట్టడం, అదీ వాడి బతుకు అని మనసులో తిట్టుకుంటూనే టార్చి ఇంకాస్త దగ్గర పెట్టాను. రబ్బరు హోసుని పంపుకి బిగించిన క్లిప్పు కనబడింది. స్క్రూ తల లోపలి వైపుకి తిరిగి ఉంది. ఈ జిల్లా మొత్తంలో క్లిప్పు అలా బిగించే మనిషి ఒక్కతే ఉంది, చొక్కా చేతులు తగులుకుంటాయని అలా తిప్పుతుంది, దాని పేరు హిల్లెవి. హోసును రెండు వేళ్ళతో వంచాను. మెత్తగా, బంకగా ఒంగింది, ఒంగిన చోట సన్నని పగుళ్ళు విచ్చుకున్నాయి, ఒక్కో పగులు నుంచీ ఒక్కో చుక్క.

ఏప్రిల్‌లో వేశాను. నేనే. గోడకి ఇంకా ఉంది ఆ హోసు చుట్ట, మయ్‌రోస్ అని ఆవు పేరు రాసిన పలక కింద మేకుకి, మావాళ్ళు ఆవుల్ని అమ్మేశాక కూడా పేర్లు చెరిపేయలేదు, సిక్స్‌టెన్ కారు ఇప్పుడు నిలబడింది స్టెర్నా అనే ఆవు చోటులో. అన్నయ్య ఎనభైల్లో ఎక్కడో ఫ్యాక్టరీ మూసేస్తుంటే తెచ్చిన చుట్ట అది, వంద మీటర్లు, ఇక ఈ జన్మలో హోసు కొనక్కర్లేదే అని భుజాన వేసుకొచ్చి పండగ చేసుకున్నాడు. మంచి రబ్బరే. ఆనాటి పెట్రోలుకి మంచి రబ్బరు. ఇప్పుడు బంకుల్లో పోసేదాంట్లో స్పిరిటు కలుస్తోంది, స్పిరిటు పాత రబ్బరుని తినేస్తుంది, ఈ సంగతి నాకు తెలియదా, తెలుసు, పాత కార్ల క్లబ్బు మీటింగులో లేచి నిలబడి మరీ చెప్పాను, పాత హోసులు మార్పించుకోండి అని. మార్పించుకోవడానికి వచ్చారు పాపం. వాళ్ళ పాతవి పీకి, అంతకంటే పాత దాంతో మార్చాను. దుకాణంలో కొత్త రకం దొరుకుతుంది, ఒక మీటరు కొని సొరుగులో పెట్టాను కూడా, కానీ గోడకి వంద మీటర్లు వేలాడుతుంటే బయట కొనే మనిషి మా ఇంట్లో పుట్టలేదు, పైగా అది అన్నయ్య చుట్ట, మేకు మీద తన చేత్తో వేసిన ముడి, దాంట్లోంచి ఒక మూర కోస్తే తను ఇంకా పని చేస్తున్నట్టే ఉండేది. ఐదు కార్లకి కోశాను.

ముప్ఫై ఒక్క కార్లు పడుకుంటాయి ఈ కొట్టంలో, అక్టోబరు నడుమ నుంచి ఏప్రిల్ ఆఖరి దాకా. హిల్లెవి చేతిలో పెడితే వసంతంలో ఒక్క తిప్పుతో లేస్తుంది అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా మొహం పక్కకి తిప్పుకుంటాను గానీ లోపల దీపం పెట్టినట్టుంటుంది. నాకు పిల్లల్లేరు, ఆవుల్లేవు, ఉన్నదల్లా ఆ ఒక్క మాట. రెండూ పదిహేడు. ఇంజను చల్లారాలి, సొరుగులో మీటరు కొత్త హోసు ఉంది, ఈ కారుకి అర మీటరు చాలు, ఇరవై నిమిషాల పని, వాడొచ్చేసరికి కాఫీ కలుపుకుని కూర్చుని ఉండొచ్చు. ఎవడికీ తెలియదు. సొరుగు లాగాను, స్క్రూడ్రైవర్ తీశాను, ట్యాంకు వైపు గొట్టం మూయడానికి చెక్క బిరడా తీశాను, చేతులు వాటంతటవే పని మొదలుపెట్టాయి, బుర్రని మాత్రం ఎవరూ ఆపలేదు.

ఎవడికీ తెలియదు. ఈ మాట సిక్స్‌టెన్ కూడా అనుకుని ఉంటాడు, ఇరవై మూడేళ్ళ కింద, సెప్టెంబరు తొలి సోమవారం, వేట మొదటి రోజు. వాడూ అన్నయ్యా పక్కపక్కనే కాపు కాశారు, మధ్యలో చిత్తడి నేల, అవతల రోడ్డు, రోడ్డవతల టీరా ఇల్లు. గుర్రమంత దుప్పి చిత్తడిలోంచి లేచింది, అన్నయ్య కాల్చాడు, అది తప్పించుకుపోయింది. ఆ సాయంత్రం టీరా వచ్చింది గుప్పిట్లో సీసపు ముక్క పట్టుకుని, ఇది నా వంటింటి కిటికీలోంచి వచ్చింది, నేను అప్పుడే బంగాళాదుంపల కోసం నేలమాళిగలోకి దిగాను కాబట్టి బతికాను అని. రోడ్డు వైపు ఎవరు కాల్చారు అని జట్టు పెద్ద అడిగితే సిక్స్‌టెన్ నేను తుపాకీయే ఎత్తలేదన్నాడు, తూటాలన్నీ లెక్కకి సరిపోయాయి. అన్నయ్య తన తూటాలు బల్ల మీద పెట్టాడు, ఒకటి తక్కువ. అడవి వైపే కాల్చాననుకున్నాను, కానీ నాదే అయ్యుంటుంది అన్నాడు. నాదే అయ్యుంటుంది. వేటజట్టులోంచి తీసేశారు, ఈ ఊళ్ళో అదంటే ఏమిటో ఈ ఊళ్ళో పుట్టిన వాళ్ళకి చెప్పక్కర్లేదు, మాంసం వాటా రాదు, సోమవారం కాఫీకి పిలుపు రాదు, దుకాణంలో మాట్లాడతారు గానీ వాన గురించే మాట్లాడతారు. నేనూ తక్కువ తిన్నానా, మనిషిని చంపబోయావు తెలుసా అని ఇంట్లో అరిచాను, తను సింకు దగ్గర చేతులు కడుక్కుంటూ తెలుసు హిల్లెవీ అన్నాడు. ఆ తర్వాత పందొమ్మిదేళ్ళు టీరా ఇంటి ముందు మంచు ఎత్తిపోశాడు, ఆవిడ వద్దన్నా సరే. తను పోయే ముందు ఆస్పత్రిలో మత్తు మందుల మధ్య కూడా ఆ కిటికీ గురించే అడిగాడు.

క్లిప్పు ఊడింది. పాత హోసు నా చేతికి నల్లగా అంటుకుంది. అన్నయ్య అంత్యక్రియల రోజు సిక్స్‌టెన్ భార్య రాగ్నా, చర్చి వెనక వంటగదిలో నేను కప్పులు కడుగుతుంటే తుడిచి పెడుతూ, నా వంక చూడకుండా చెప్పింది. ఆ వేట రోజు మధ్యాహ్నమే మా ఆయన ఇంటికొచ్చి తుపాకీ శుభ్రం చేశాడు హిల్లెవీ, ఒక తూటా కొత్త పెట్టెలోంచి తీసి నింపాడు, నేను చూశాను, ఇన్నేళ్ళూ నేనూ చెప్పలేదు. కప్పు తుడిచింది, అరలో పెట్టింది, ఇంకో కప్పు తీసుకుంది. సిక్స్‌టెన్‌ని అడగలేదు. మా వైపు అడగరు, చెప్పేదాకా ఎదురు చూస్తారు. నాలుగు అక్టోబర్ల నుంచి ఈ కొట్టంలో వాడికి కాఫీ పోసి, దాల్చినచెక్క బన్ను చేతిలో పెట్టి, ఎదురు చూస్తున్నాను, ఈసారి చెప్తాడు, ఈసారి చెప్తాడు అని. వాడు బన్ను తిని, మీసం తుడుచుకుని, మంచు ఎప్పుడు పడుతుందో చెప్పి వెళ్ళిపోతాడు. నోరు తెరిస్తే అయిపోయేది కదరా, ఒక్క మాట, హాల్వర్ అది నీది కాదు నాది అని, నా అన్న మనశ్శాంతిగా పోయేవాడు కదరా అని ఎన్ని రాత్రులు ఈ కారునే తిట్టానో. ఇప్పుడు దాని పొట్ట కింద పడుకుని, నా తప్పుని చప్పుడు కాకుండా విప్పుతున్నాను.

రెండూ ముప్ఫై రెండు. కొత్త హోసు ఎక్కింది, రెండు క్లిప్పులూ బిగిశాయి. మిగతా నాలుగింట్లో మూడు ఇక్కడే ఉన్నాయి, తాళాలు నా దగ్గరే, రేపు బస్సెక్కి పట్నం పోయి కొత్త హోసు తెస్తే ఎల్లుండికి మూడూ అయిపోతాయి. ఐదోది. ఐదోది గురించి ఆలోచించకుండా ఇంతసేపూ చేతులకి పని చెప్పాను, ఇప్పుడు చేతులకి పని లేదు. ఐదోది ఎర్ర వ్యాగన్. ఆగస్టులో అమ్ముడుపోయింది, ఉత్తరాన ఏడు గంటల దూరం, మైకెన్ అనే అమ్మాయికి, వెనక సీట్లో బిడ్డ కుర్చీ కట్టుకుని తీసుకెళ్ళింది, చంటిదానికి ఏడు నెలలు, దాని టోపీకి రెండు చెవులు. చలికి ఎప్పుడు పడుకోబెడతావమ్మా అని నేనే అడిగాను. మంచు పడేదాకా నడుపుతా ఆంటీ, పాపకి ఈ ఇంజను చప్పుడు వింటేనే నిద్రొస్తుంది అంది. పడుకోబెట్టేటప్పుడు ట్యాంకు నింపు, మందు కలుపు, పావుగంట నడుపు అని నేను చెప్పుకుంటూ పోయాను, ఆ పిల్ల ఫోనులో రాసుకుంది, కళ్ళల్లో ఎంత నమ్మకమో. నేను చెప్పినట్టే చేస్తుంది. గ్యారేజీ తలుపు ఓరగా మాత్రమే తెరిచి పావుగంట నడుపుతుంది, చలి కదా, వెనక సీట్లో పాప పడుకుని ఉంటుంది, మైకెన్ నాలాగా ఎనిమిదో నిమిషంలో వంగి చూడదు.

నంబరు నా దగ్గర లేదు. కారు నంబరూ గుర్తు లేదు, క్లబ్బు కాగితాలన్నీ సిక్స్‌టెన్ దగ్గరే, వాడు కార్యదర్శి, అమ్మకం జరిపించింది వాడే. అంటే సిక్స్‌టెన్‌ని అడగాలి. ఎందుకు అంటాడు. ఊరికే అనొచ్చు, బిడ్డ టోపీ ఇక్కడ మర్చిపోయింది అనొచ్చు, అబద్ధం ఎంత సులువుగా నోటికొచ్చిందో చూడు హిల్లెవీ, వాడిని నాలుగేళ్ళు తిట్టావు. మూడింటికి వాడే వస్తాడుగా, అప్పుడు అడుగుదాం, ఇరవై ఎనిమిది నిమిషాల్లో ఏం మునిగిపోతుంది. తలుపు దాకా నడిచాను. ఆకాశం బూడిద రంగులో కిందికి దిగి ఉంది, గాలి లేదు, ముక్కులో ఇనుము వాసన, మొదటి మంచు ముందు ఇలాగే ఉంటుంది. ఇక్కడే ఇలా ఉంటే ఉత్తరాన ఈపాటికి పడుతూ ఉంటుంది. మంచు పడేదాకా నడుపుతా ఆంటీ. పడుతోంది కాబట్టి ఇవాళే పడుకోబెడుతుంది. ఇవాళ శనివారం, ఇంట్లోనే ఉంటుంది, ఇప్పుడే, ఈ నిమిషమే, మందు సీసా మూత తిప్పుతూ ఉండొచ్చు. ఫోను నా జేబులోనే ఉంది. తడి చూసిన దగ్గర్నుంచీ జేబులోనే ఉంది. సిక్స్‌టెన్ నంబరు దాంట్లోనే ఉంది. ఇరవై రెండు నిమిషాలు నేను ఒక హోసు మార్చుకుంటూ కూర్చున్నాను, ఎవరి కోసం, నా పేరు కోసం. నేను వాడికంటే మంచిదాన్ని కాదు. ఈ మాట లోపల పడగానే ఫోను ఎలా తీశానో తెలియదు, నల్లటి జిగురు వేళ్ళతో తెర మీద రెండుసార్లు జారింది, మూడోసారికి మోగింది. మోత నా చెవిలోనూ వినబడింది, తలుపవతల పెరట్లోనూ వినబడింది.

"ఇక్కడే ఉన్నానే తల్లీ, అరగంట ముందొచ్చాను, అంత తొందరేంటి?" సిక్స్‌టెన్ టోపీ తీస్తూ లోపలికొచ్చాడు. "కాఫీ వాసన రావట్లేదేం? ముసలిదానివయ్యావ్, మర్యాదలు మర్చిపోతున్నావ్."

"మైకెన్ నంబరు కావాలి. ఎర్ర వ్యాగన్ కొన్నమ్మాయి. ఇప్పుడే చెయ్."

"ఎందుకు?"

బిడ్డ టోపీ అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. "ఏప్రిల్‌లో నేను వేసిన హోసు పగిలింది. నీ కారుకి. పెట్రోలు కారుతోంది. ఆ పిల్ల కారుకీ అదే వేశాను. తప్పు నాదే. ముందు ఫోన్ చెయ్ సిక్స్‌టెన్, తర్వాత తిడుదువుగాని."

వాడు తిట్టలేదు. కళ్ళద్దాలు నుదుటి మీద నుంచి దించి, ఫోనులో వెతకడం మొదలుపెట్టాడు, ఆ మొద్దు వేలుతో ఒక్కో పేరూ కిందికి తోసుకుంటూ, నేను పళ్ళు కొరుక్కుంటూ చూశాను. మోగింది. మోగుతూనే ఉంది. ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. గడియారం టిక్కుమనడం నాకు ఈ కొట్టంలో ఎప్పుడూ వినబడలేదు. ఏడో మోతకి ఎత్తింది, వెనకాల చంటిది ఏడుస్తోంది, నేను ఫోను లాక్కున్నాను.

"ఎక్కడున్నావమ్మా? కారు ఎక్కడుంది?"

"గ్యారేజీలోనే ఉన్నా ఆంటీ, మీరు చెప్పినట్టు మందు కలిపి ట్యాంకు నింపుకొచ్చా. పాపని వెనక పడుకోబెట్టి పావుగంట నడుపుదామని..."

"స్టార్ట్ చెయ్యకు. తాళం తీసి జేబులో పెట్టుకో. పాపని ఎత్తుకుని బయటికి రా, తలుపులు బార్లా తెరువు."

"అయ్యో, ఏమైంది? వారం నుంచి కొంచెం పెట్రోలు వాసనొస్తోంది, పాత కార్లంటే అంతేగా అనుకున్నా."

"అంతే కాదమ్మా. నేను తప్పు హోసు వేశాను. బయటికొచ్చావా? చెప్పు, వచ్చావా?"

తలుపు కిర్రుమంది. గాలి. చంటిదాని ఏడుపు దూరమై, మళ్ళీ దగ్గరై, వచ్చాం ఆంటీ, ఇక్కడ మంచు పడుతోంది అంది ఆ పిల్ల. అక్కడి మెకానిక్ వచ్చేదాకా కారు ముట్టుకోనని మాట తీసుకున్నాను, రెండుసార్లు తీసుకున్నాను. ఫోను తిరిగి ఇచ్చేసి, స్టెర్నా గట్టు మీద కూర్చుండిపోయాను. ఏడ్చాను. సిక్స్‌టెన్ ముందు ఏడుస్తానని ఎప్పుడూ అనుకోలేదు, ఏడ్చాను.

వాడు పక్కనే వచ్చి కూర్చున్నాడు. ఫోను నుంచి చేతికి అంటిన నలుపుని రుమాలుతో తుడుచుకుంటూ, మెల్లగా, మంచితనంగానే అన్నాడు. "పోనీలే. క్లబ్బులో చెప్పక్కర్లేదు. మిగతావి గుట్టుగా మార్చేసెయ్, నేనూ ఓ చెయ్యేస్తా. ఎవరికీ ఏమీ కాలేదుగా."

"హాల్వర్‌కి అయింది."

నేను అనాలని అనలేదు. నాలుగేళ్ళు కాచుకున్నది తన పాటికి తనే బయటపడింది. సిక్స్‌టెన్ చేతిలో రుమాలు ఆగిపోయింది. వాడి మొహంలో రంగు పైనుంచి కిందికి దిగిపోవడం చూశాను, సంతోషం కలుగుతుందనుకున్నాను, కలగలేదు.

"ఎవరు చెప్పారు?" అన్నాడు.

"ఎవరు చెప్తే ఏంటి. నువ్వు చెప్పలేదు."

"ఆ సాయంత్రం చెప్దామనే వెళ్ళా హిల్లెవీ. దేవుడి సాక్షిగా. అతను నాకంటే ముందే తూటాలు బల్ల మీద పెట్టేశాడు. నాదే అయ్యుంటుంది అనేశాడు. ఆ మాట విన్నాక నా నోరు పెగల్లేదు. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం..." ఆగాడు. "ప్రతి అక్టోబరులో ఈ కారు ఎందుకు తెస్తున్నాననుకున్నావ్? మా ఇంట్లో గ్యారేజీ ఉంది."

నాకు తెలియదా వాళ్ళింట్లో గ్యారేజీ ఉందని, ఎన్నిసార్లు దాని ముందు నుంచి నడిచి వెళ్ళాను, ఒక్కసారీ ఈ ప్రశ్న వేసుకోలేదు. వాడు చెప్పడానికి వచ్చేవాడు, నేను వినడానికి కాఫీ పోసేదాన్ని, ఇద్దరం కలిసి మంచు గురించి మాట్లాడుకున్నాం. జాలి కలిగింది. దాంతోపాటు పట్టలేని కోపం వచ్చింది, ఎందుకంటే జాలి నా అన్నకి పనికిరాదు, నా అన్న నేనే ఒక ముసలిదాన్ని చంపబోయాను అనుకుంటూ కళ్ళు మూశాడు. లేచాను. గోడకున్న చుట్టని దించి, తను వేసిన ముడి మీద కత్తి పెట్టి కోశాను, చుట్ట నేల మీద విప్పుకుని పడింది.

"ఇప్పుడు ఆ మూడు కార్ల వాళ్ళకీ ఫోన్ చేస్తాను," అన్నాను. "ఏం వేశానో, ఎందుకు వేశానో చెప్తాను. రేపటికి జిల్లా అంతా తెలుస్తుంది, ఈ కొట్టంలో కార్లు ఉంటాయో ఊడతాయో నాకు తెలియదు. నువ్వూ చెయ్."

"ఎవరికి? జట్టు పెద్దకా?"

"కిటికీ ఎవరిదో ఆవిడకి. జట్టుకి తర్వాత."

"టీరాకా." తొంభైకి దగ్గర పడింది ఆవిడ, ఇంకా ఆ ఇంట్లోనే ఉంది, ఇంకా పాత గోడ ఫోనే. సిక్స్‌టెన్ లేచి తలుపు దగ్గరికి వెళ్ళాడు, నా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. మొదటి మంచు రేకులు పడుతున్నాయి, వాడి భుజాల మీద కరగకుండా నిలుస్తున్నాయి. కళ్ళద్దాలు మళ్ళీ నుదుటి మీదకి వెళ్ళిపోయాయి, అవి లేకుండా వాడికి తెర మీద ఏమీ కనబడదు.

"నంబరు చెప్పనా?" అన్నాను.

"అక్కర్లేదు," అన్నాడు సిక్స్‌టెన్, అంకెలు ఒక్కొక్కటే నొక్కుతూ. "ఇరవై మూడేళ్ళుగా నోటికొచ్చు."